జోలమాత్ర

ఆవిడకి మొహాలతో పని. అలాగని బొమ్మలు గీసేదేం కాదు, రంగులు పూసేది అంతకన్నా కాదు. కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు సరిచేసి మనుషులకి తగిలిస్తుంది. వచ్చినవాళ్లని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరికి వంగి, చిన్న స్కేలుతో కంటిపాపకీ కంటిపాపకీ మధ్య దూరం కొలుస్తుంది. తర్వాత చెవి వెనక్కి వేలు పోనిచ్చి, కాడ ఎక్కడ ఒత్తుతోందో, ఎక్కడ వదులుగా ఉందో చూస్తుంది. వేడిగాలి మిషను ముందు ఫ్రేముని కాసేపు పట్టుకుని బొటనవేలితో ఇంత వంచుతుంది. ఇంకొంచెం వంచితే విరుగుతుంది, కొంచెం తగ్గితే జారుతుంది. ఆ ఇంతకే దుకాణాయన ఆవిడని ఏళ్లతరబడి వదులుకోకుండా ఉంచుకున్నాడు.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. చుట్టుపక్కల అందరికీ లిఫ్టాయనే. ఆయనకో రోగం ఉంది, దేన్నీ అసలు పేరుతో పిలవడు. బ్యాంకు మేడలో లిఫ్టు ‘పెద్దమనిషి’, ఎందుకంటే తలుపు నిదానంగా, పరువుగా మూస్తుంది. వాళ్లుండే మేడలోది ‘అలిగినమ్మ’, రెండంతస్తుల మధ్య ఆగి పలకదు. ఇంట్లో ఫ్రిజ్జు ‘ముసలాయన’, రాత్రీ పగలూ ఏదో ఒకటి గొణుక్కుంటూ ఉంటుంది కాబట్టి. రోజూ పొద్దున్నే ఫోను చేసి లోకంలోని చావు కబుర్లన్నీ చెప్పే తన సొంత అక్కకి ‘వార్తలు’ అని పెట్టాడు. ఆ సంగతి అక్కకి తెలియదు, తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. భార్యని ‘అద్దాలు’ అంటాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ముచ్చటపడింది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత తన అసలు పేరెవరైనా పిలిస్తే పలకడానికి ఒక్క క్షణం ఆలోచించుకోవాల్సిన స్థితికి వచ్చింది.

కొన్నేళ్ల కిందట ఆవిడ వేళ్లు పొద్దున్నే ముడుచుకోవడం మానేశాయి. కుళాయి తిప్పలేదు, జడ వేసుకోలేదు, మధ్యాహ్నానికి గానీ చేతులు తన మాట వినేవి కావు. అరిగిపోయాయేమో అనుకున్నారు. కీళ్ల డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి కాదంది. “మన ఒంట్లో ఒక కాపలావాడుంటాడమ్మా. బయటినుంచి వచ్చే క్రిముల్ని కొట్టడం వాడి పని. మీ కాపలావాడు తికమకపడి ఇంట్లోవాళ్లనే కొడుతున్నాడు. వాణ్ణి కాస్త శాంతింపజేయాలి. వారానికోసారి ఈ పచ్చమాత్ర, రోజూ పొద్దున ఈ చిన్న తెల్లమాత్ర. మానకూడదు సుమా,” అని వివరంగా చెప్పింది.

ఇంటికొచ్చేలోపే లిఫ్టాయన పేరు పెట్టేశాడు. కాపలావాణ్ణి నిద్రపుచ్చేవి కాబట్టి అవి జోలమాత్రలు. వారానిది పెద్దజోల, రోజూది చిన్నజోల. పొద్దున లేవగానే “అద్దాలూ, జోల పాడావా?” అని అడిగేవాడు. “పాడాను,” అనేది ఆవిడ. నిజం చెప్పాలంటే ఆ పేరు వల్లే ఆవిడకి మందంటే భయం పోయింది. జబ్బు పేరు గుర్తుపెట్టుకోలేదు, మాత్ర పేరు చదవలేదు. వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి, ఫ్రేములు మళ్లీ వంగాయి, అంతకన్నా ఏం కావాలి.

అప్పుడొచ్చింది కరోనా.

మొదట మూసేసిన దుకాణం మళ్లీ తెరిచేసరికి మనుషులంతా సగం మొహాలైపోయారు. మాస్కు పెట్టుకుంటే కళ్లజోడుకి ఆవిరి కమ్ముతుంది. ఆ ఫిర్యాదుతో రోజంతా జనం. వచ్చినవాడు స్టూలు ఎక్కేవాడు, తన బాధ ఆవిడకి సరిగా అర్థం కాదేమోనని మాస్కు కిందికి లాగేవాడు, “ఇదిగో చూడండమ్మా, ఇలా ఊదితే చాలు,” అని ఆవిడ మొహం మీదికి ఉఫ్ అని ఊదేవాడు. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయేవి. దుకాణాయన మంచివాడే, కౌంటరు మీద ప్లాస్టిక్ తెర కట్టించాడు. కానీ చెవి వెనక్కి వేలు పెట్టాలంటే తెర ఇవతలికి రాక తప్పదు. ఊపిరి బిగబట్టి వంగడం, కొలిచి పక్కకి తిరిగి ఊపిరి వదలడం, ఇదీ ఆవిడ కొత్త పని. సాయంత్రానికి తల దిమ్మెక్కేది.

ఇంటికొస్తే టీవీలో ఒకటే మాట, ఇమ్యూనిటీ. పెంచుకోండి, తగ్గనివ్వకండి, అది లేనివాళ్లు జాగ్రత్త. వార్తలు వదిన ఫోనులోనూ అదే. “మా పక్కింటాయన రాయిలా ఉండేవాడమ్మా. ఇమ్యూనిటీ లేదట, పోయాడు. నువ్వసలే దాన్ని తగ్గించే మందులు మింగుతున్నావు. నాకు నీ గురించే బెంగగా ఉంది,” అంది. మంచి మనసుతోనే అంది. అలాంటి మంచి మనసులు ఆ రోజుల్లో ఎంతమందికి నిద్ర లేకుండా చేశాయో లెక్కలేదు.

ఆవిడకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కూరగాయలు తరుగుతున్నా, బస్సులో నిలబడ్డా అదే ఆలోచన. తన కాపలావాడు నిద్రపోతున్నాడు. తనే రోజూ పొద్దున జోలపాడి మరీ పడుకోబెడుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది, వీధిలో దొంగలు. స్టూలు మీద కూర్చున్న ప్రతి మొహం ఆవిడకి దొంగలాగే కనపడసాగింది.

ఒక పొద్దున భర్త పళ్లెం ముందు కూర్చుని ఉండగా చెప్పేసింది. “ఏమండీ, కొన్నాళ్లు జోల ఆపేస్తాను. వాడు లేచి ఉండాలి.”

“డాక్టరమ్మనడగొద్దూ?” అన్నాడాయన.

“చేశాను. క్లినిక్కు మూసుంది. ఫోను మోగి మోగి ఆగిపోతోంది.”

ఒక్కసారే చేసిందన్నది చెప్పలేదు. ఆయన కాసేపు ఆలోచించి, ఆవిడ మొహంలో భయం చూసి, తోచిందే చేశాడు. గొంతు సవరించుకుని, “లేవయ్యా కాపలావాడా, డ్యూటీ టైమైంది,” అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మాత్రల అట్టలు పాత కళ్లజోడు పెట్టెలోకి, ఆ పెట్టె గూట్లోకి వెళ్లిపోయాయి.

కాపలావాడు లేచాడు. లేవడం లేవడమే ఇంట్లోవాళ్ల మీద పడ్డాడు. ముందు మణికట్లు ఉబ్బాయి, తర్వాత వేలి కణుపులు ఎర్రబడ్డాయి, మోకాళ్లు మెట్టు చూస్తే మొరాయించాయి. ఇక్కడే ఆవిడ వేసిన లెక్క వినాలి. నొప్పి పెరిగేకొద్దీ ఆవిడకి ధైర్యం పెరిగింది. నొప్పి ఉందంటే వాడు మేలుకుని ఉన్నట్టు, మేలుకుని ఉన్నాడంటే కరోనా లోపలికి రానట్టు. పళ్ల బిగువున ఓర్చుకుని, “మంచిదే, మంచిదే,” అనుకునేది. మరీ నీరసంగా ఉండేది, అన్నం సయించేది కాదు. భయం వల్లేమో అనుకుంది. దుకాణంలో ఒక ముసలావిడ ఫ్రేము చేతిలోంచి జారి అద్దం పగిలింది. దుకాణాయన ఆవిడ వేళ్ల వంక చూశాడు. ఆవిడ చేతులు వెనక్కి దాచుకుంది.

అదే వారంలో బ్యాంకు మేడలో పెద్దమనిషి పరువు పోగొట్టుకుని మధ్యలో ఆగిపోయాడు. లోపల ఇరుక్కున్నవాళ్లని లిఫ్టాయన పైనుంచి చేయి ఇచ్చి ఒక్కొక్కరినే లాగాడు. అందులో ఒకాయన దగ్గుతూనే ఉన్నాడట. లిఫ్టాయనకి ఒకటి రెండు రోజులు గొంతు గరగరలాడి తగ్గిపోయింది. తగ్గలేదు, చేతులు మారింది. ఆవిడకి జ్వరం వచ్చింది.

పరీక్ష చేయిస్తే ఉందన్నారు. ఆవిడ పడగ్గదిలో, ఆయన హాల్లో. మధ్యలో ఓరగా వేసిన తలుపు, తలుపు బయట ఒక కుర్చీ, కుర్చీ మీద పళ్లెం. ఆయన కరోనా సలహాల నంబరుకి ఫోను చేసి, ఆవిడకి వినపడేలా స్పీకరు పెట్టాడు. అవతల డాక్టరు గొంతు మర్యాదగానే ఉంది, కానీ ఎన్ని ఇళ్లకి అదే మాట చెప్పాడో, అలసిపోయి ఉంది.

“ఆయాసం ఉందాండీ?”

“లేదండీ.”

“బీపీ, షుగరు, గుండెజబ్బు?”

“ఏమీ లేవండీ.”

“రోజూ వాడే మందులేమైనా?”

“ఉండేవండీ, జోలమాత్రలు. ఈమధ్యే మానేసింది.”

“ఓ, అవా. మంచిపని చేశారు. ఇలాంటప్పుడు వాటి జోలికి పోకూడదు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసుకుంటూ ఉండండి. తగ్గితే వెంటనే చెప్పండి.”

కీళ్ల సంగతి ఆయన అడగలేదు, వీళ్లు చెప్పలేదు. మంచిపని చేశారని ఒక డాక్టరే అన్నాక ఇంకేం కావాలి. గదిలో ఆవిడ, హాల్లో ఆయన, తలుపుకి అటూ ఇటూ ఒకేసారి గుండె దిటవు చేసుకున్నారు.

కానీ ఆవిడ కుదుటపడలేదు. వేలికి పెట్టే మిషనులో అంకె ఎప్పుడు చూసినా నిక్షేపంగా ఉండేది, మనిషే నిక్షేపంగా లేదు. మంచం మీంచి లేస్తే గది గిర్రున తిరిగేది. తాగిన నీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు. కడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టుండేది. గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్లి, తిరిగి రాలేక గడప మీదే కూర్చుండిపోయింది. ఆయన తలుపు అవతలనుంచి “ఎంతుంది?” అని అడగడం, ఆవిడ అంకె చెప్పడం. “బాగుంది కదా మరి,” అనేవాడు. ఆ ‘మరి’లో వణుకు ఆవిడకి తెలుస్తూనే ఉంది. మళ్లీ ఆ నంబరుకి చేశాడు. ఈసారి వేరే డాక్టరు. ఆక్సిజన్ బాగుంటే కంగారు పడొద్దు, నీళ్లు బాగా తాగించండి అన్నాడు.

ఆవిడకి ఆ మధ్యాహ్నం మొదటిసారి అనిపించింది, తను పోతుందని. అంకె బాగుండగానే పోతుంది. అంకె చూసి ఎవరూ నమ్మరు కూడా.

“డాక్టరమ్మకి చేస్తున్నాను,” అన్నాడాయన హాల్లోంచి.

“వద్దండీ. మానేశానని తెలిస్తే తిడుతుంది.”

“తిట్టనీ.”

ఈసారి ఫోను ఎత్తారు. క్లినిక్కు మూసినా డాక్టరమ్మ ఆ నంబరు తన దగ్గరే పెట్టుకుని అందరితో మాట్లాడుతోందట. ఆయన స్పీకరు పెట్టి గబగబా అంతా చెప్పుకొచ్చాడు. జ్వరం, వాంతులు, లేస్తే కళ్లు తిరగడం, అంకె మాత్రం బాగుండటం.

“నా మందులు వాడుతోందా?” అంది డాక్టరమ్మ.

“జోలమాత్రలు ఎప్పుడో మానేసిందమ్మా. కరోనా డాక్టరుగారు కూడా మంచిపనే అన్నారు.”

“జోలమాత్రలేంటి? ఆవిడ నిద్రమాత్రలెప్పుడు వాడింది? నేను రాయలేదే.”

హాల్లో చప్పుడు లేదు. మాట కోసం ఎన్నడూ తడుముకోని మనిషి. ఆవిడ మంచం మీంచి ఆ మౌనాన్ని విని, సంగతి ఆయనకన్నా ఒక్క క్షణం ముందే గ్రహించింది. తమ ఇంట్లో మాట తమ ఇంట్లోనే చెల్లుతుంది. గుమ్మం దాటితే దానికి వేరే అర్థం.

“అదేనమ్మా,” అన్నాడాయన, గొంతు పీలగా. “మీరే అన్నారు కదా, కాపలావాడని. వాణ్ణి పడుకోబెట్టేవి. పెద్దజోల, చిన్నజోల. నేనే ఆ పేరు...”

“పొద్దున వేసుకునే చిన్న తెల్లమాత్ర. అది కూడా ఆపిందా?”

“రెండూనమ్మా.”

“ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది స్టెరాయిడ్. వెళ్లగానే ఒక్కటే మాట చెప్పండి. ఏళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్ అకస్మాత్తుగా ఆపేసింది, కరోనా కూడా ఉంది అని. ఇదే మాట చెప్పండి. జోలా గీలా అనకండి. ఏదీ, ఒకసారి చెప్పండి చూద్దాం.”

ఆయన చెప్పాడు, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు.

తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. అన్ని రోజులు పాటించిన దూరం ఒక్క అడుగులో పోయింది. “రాకండి, మీకు అంటుకుంటుంది,” అందావిడ. “నాదే నీకు అంటింది,” అని భుజం కింద చేయి వేసి లేపాడు. అలిగినమ్మలోకి ఎక్కించాడు. ఆ చిన్న పెట్టెలో గాలి లేదు, మూతికి మూరెడు దూరంలో ఆయన మొహం. “తల అటు తిప్పుకోండి,” అంది. తిప్పుకోలేదు. లిఫ్టు ఎక్కడ ఆగుతుందోనని ఇద్దరికీ ఒకటే గుబులు. ప్రతి అంతస్తు దగ్గరా ఏదో ఒక ఛలోక్తి విసిరే మనిషి ఆ రోజు పెదవి కదపలేదు. ఆవిడని పట్టుకోని చేయి మాత్రం గోడకి ఆనించి ఉంచాడు, ఆగొద్దని లిఫ్టుని బతిమాలుతున్నట్టు. అది ఆగలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి ఏం కావాలన్నాడు. “ఏళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్ అకస్మాత్తుగా ఆపేసింది, కరోనా కూడా ఉంది,” అన్నాడాయన. చక్రాల కుర్చీ తెచ్చినవాడికీ అదే చెప్పాడు. నేల తుడుస్తున్నామెకీ చెప్పాడు. ఆమె పాపం “అయ్యో” అని పక్కకి జరిగింది. నర్సు, “ముందు పేషెంటు పేరు చెప్పండి,” అంది.

ఆయన ఆవిడ పేరు చెప్పాడు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పెళ్లయ్యాక ఆ పేరు ఆయన నోట విన్న గుర్తు ఆవిడకి లేదు. వాంతులకీ, తిరిగే గదికీ కలగనంత భయం ఆ పేరు వినగానే కలిగింది. ఎవరో తనని తీసేసి వేరే మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టినట్టనిపించింది.

బీపీ చూసిన నర్సు మళ్లీ చూసింది. పరుగులాంటి నడకలు. చేతికి సెలైను, దాంతోపాటు ఏదో ఇంజెక్షను. తెల్లవారేసరికి ఆవిడ అడిగి మరీ నీళ్లు తాగింది. ఆ నీళ్లు కడుపులో నిలిచాయి.

మర్నాడు మంచం పక్కనున్న ఆయన ఫోనుకి డాక్టరమ్మే చేసింది. తిట్టలేదు, అదే ఆవిడకి ఎక్కువ సిగ్గనిపించింది. “మీ జబ్బున్నవాళ్లకి ఈ వైరస్ అంటే భయం ఉండటం తప్పు కాదమ్మా. కానీ నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది దీన్నుంచి బయటపడుతున్నారు. అడగకుండా మందు మానేసినవాళ్లే నన్ను ఎక్కువ భయపెడుతున్నారు. ఆ తెల్లమాత్ర ఏళ్లతరబడి బయటనుంచి వస్తుంటే, ఒంట్లో దాన్ని తయారుచేసే చోటు పని మర్చిపోతుంది. ఒక్కసారిగా ఆపితే ఒంట్లో అదీ ఉండదు, ఇదీ ఉండదు. పైగా జ్వరం వచ్చినప్పుడే అది ఎక్కువ కావాలి. పచ్చమాత్ర మాత్రం ఈ వైరస్ తగ్గేదాకా ఆపుదాం, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో నేను చెబుతాను. మీరిద్దరూ ఊహించొద్దు.”

“నడుస్తున్న లిఫ్టుని నిలబెట్టే ఎదురుబరువు తాడు కోసేసినట్టు,” అన్నాడాయన మెల్లిగా, తనలో తనే. జన్మలో ఏ లిఫ్టుకీ ఆయన అలాంటి పని చెయ్యలేదు.

ఆవిడ ఇంటికొచ్చింది. మళ్లీ పడగ్గది, ఓరగా తలుపు, బయట కుర్చీ. ఆయనకి మళ్లీ ఏమీ కాలేదు, అదొక్కటి అదృష్టం. వేళ్ల వాపు మెల్లిగా దిగుతోంది. కానీ ఇల్లు మారిపోయింది. “ఫ్రిజ్జులో పాలున్నాయి,” అనేవాడు. “అక్క ఫోను చేసింది,” అనేవాడు. ముసలాయన లేడు, వార్తలు లేవు, ఆవిణ్ణి కూడా అసలు పేరుతోనే పిలిచేవాడు. గూట్లోని పాత కళ్లజోడు పెట్టె ఖాళీ చేసి, మాత్రల అట్టలు బల్ల మీద పేర్లు పైకి కనపడేలా పేర్చాడు. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి అట్ట మీది పేరు కూడబలుక్కుని అడిగేవాడు.

“ప్రెడ్... ప్రెడ్నిసొలోన్ వేసుకున్నావా?”

“వేసుకున్నాను.”

“పల్స్ ఆక్సీమీటర్‌లో ఎంతుంది?”

అంకె చెప్పేది. ఆయన వెళ్లిపోయేవాడు. ఆ అడుగుల చప్పుడు విని ఆవిడకి ఏడుపొచ్చేది. బతికి వచ్చింది తనేనా అని అనుమానం వచ్చేది. రేపు దుకాణానికి వెళ్తే మళ్లీ ఆ స్టూలు, ఆ మొహాలు, ఆ ఊదడాలు. ఆ భయం ఎలాగూ పోదు. ఇంట్లో కూడా ఈ నిశ్శబ్దం ఎలా భరించడం.

ఒక పొద్దున ఆయన వెళ్లబోతుంటే ఆపింది.

“ఏమండీ. ఈ వేలికి పెట్టేదానికి పేరేం పెట్టారు?”

“పల్స్ ఆక్సీమీటర్.”

“అది కంపెనీవాడు పెట్టింది.”

తలుపు అవతల అడుగులు వెనక్కొచ్చాయి. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, ఆయన దాంట్లో కూర్చున్న చప్పుడు.

“భయమేస్తోందే,” అన్నాడు. “నా నోట్లోంచి ఏ మాటొచ్చినా బయటికెళ్లి ఇంకోటైపోతుందేమోనని. నా వెటకారం నిన్ను చంపేసేది.”

“ఆపింది నేను. ఒక్కసారి ఫోను మోగించి, ఎత్తలేదని మీతో చెప్పింది నేను. పోనీ నా పాపం కూడా మీరే మోస్తారా?” అంది. మాట్లాడితే ఇంకా నీరసంగానే ఉంది, కాసేపు ఆగింది. “మాత్రకి మాత్రం అసలు పేరే ఉండనివ్వండి. నాకు మాత్రం నా అసలు పేరక్కర్లేదు. ఆ పేరుతో మీరు పిలుస్తుంటే నేనింకా ఆసుపత్రిలో ఉన్నట్టుంది.”

ఆయన ముక్కు చీదుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు, పాత అలవాటు ప్రకారం.

“అద్దాలూ,” అన్నాడు.

“ఊఁ.”

“ప్రెడ్నిసొలోన్ వేసుకున్నావా?”

“వేసుకున్నాను.”